అర కాసు బరువు

వార్షికోత్సవ సంచికకి ఏదో ఒకటి రాసివ్వమని మన మ్యాగజైన్ కమిటీ తమ్ముళ్లు నెల రోజులుగా నా వెంట పడుతున్నారు. కవిత రాయమన్నారు. నాకు రాదు. "పోనీ నీ మంచం కింద పెట్టె గురించి రాయన్నా" అన్నాడు ఇంటర్ కుర్రాడొకడు నవ్వుతూ. పక్కనున్న వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను కానీ, రాత్రి పడుకున్నాక అదే రాద్దామనిపించింది.

హాస్టల్లో అందరి మంచాల కిందా ఒక ట్రంకు పెట్టె ఉంటుంది. నా మంచం కింద రెండున్నాయి. రెండో దాంట్లో ఒక పాత రికార్డు ప్లేయరు ఉంది. పోయిన ఏడాది సంక్రాంతి సెలవుల తర్వాత దాన్ని మా ఊరి నుంచి రావులపాలెం మీదుగా రాజమండ్రి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. కండక్టరు లగేజీ టికెట్టు కొట్టాడు. "ఏంటి బాబూ ఇది, కుట్టు మిషనా?" అని కూడా అడిగాడు.

మాది కోనసీమలో ఒక లంక ఊరు. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేనే. ఇప్పుడు నన్నయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేస్తున్నాను. మా నాన్న ఏడో తరగతి దాకా చదివి మానేసి తలుపులకీ మంచాలకీ పాలిష్ పని చేస్తున్నాడు. మా తాత బడి మొహమే చూడలేదు. పదిహేనో ఏట మా పక్క ఊళ్లో ఒక మైకు సెట్టు షాపులో కూలికి చేరాడు. ఇరవై ఏళ్లు అక్కడే చేశాడు.

పెళ్లయినా, రజస్వల ఫంక్షనైనా, తీర్థమైనా ముందు మైకు పెట్టాలి. హారన్ గొట్టాలు, బ్యాటరీలు, ఆంప్లిఫయరు, రికార్డుల పెట్టె – అన్నీ తాతే మోసుకెళ్లేవాడు. కొబ్బరి చెట్టెక్కి గొట్టం కట్టేదీ, తీగె లాగేదీ ఆయనే. ప్లేయరు దగ్గర మాత్రం ఆపరేటర్ కూర్చునేవాడు. రికార్డు వేసేదీ, ముల్లు పెట్టేదీ ఆయనే. మా పేట మనుషులు ఆ పెట్టె మీద చెయ్యి వేయకూడదని ఎవరూ బోర్డు రాసి పెట్టలేదు. చెప్పనవసరం కూడా లేదు. ఇరవై ఏళ్లలో తాత ఒక్కసారి కూడా రికార్డు మీద ముల్లు పెట్టలేదు. "ముల్లు పెట్టే చెయ్యి ఆయనది, పెట్టె మోసే తల నాది" అంటాడు. కోపంగా కాదు, లెక్క చెప్పినట్టు చెబుతాడు.

క్యాసెట్లు వచ్చాక రికార్డుల పని అయిపోయింది. షాపు యజమాని కొత్త టేపు రికార్డరు కొన్నాడు. తాతకి మూడు నెలల కూలి బాకీ ఉంటే, డబ్బులకి బదులు పాడైపోయిన పాత ప్లేయరూ, అరిగిపోయిన పన్నెండు రికార్డులూ చేతిలో పెట్టాడు. ఆ రోజు మా నానమ్మ రాత్రి అన్నం వండలేదట. బియ్యం లేక వండలేదో, కోపంతో వండలేదో తాత ఎప్పుడూ చెప్పలేదు.

ఆ పన్నెండింటిలో ఒకటి హరిశ్చంద్ర కాటి సీను రికార్డు. 78 స్పీడుది, నల్లగా బరువుగా ఉంటుంది. హరిశ్చంద్ర నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిదే అయినా, కాటి సీనులో జనం వన్స్‌మోర్ కొట్టే పద్యాలు జాషువా గారివి. శ్మశానంలో అందరూ సమానమైపోయే సంగతి చెప్పే ఆ పద్యాలు మా పక్క ఊరి రచ్చబండ దగ్గర తెల్లవార్లూ మోగేవి. విన్నవాళ్లంతా ఆహా అనేవాళ్లు. ఆ పద్యాలు రాసినాయన ఎవరో, ఏ వాడ నుంచి వచ్చాడో చెట్టు కింద తీగె పట్టుకుని నిలబడ్డ మా తాతకి తెలుసు. అందుకే పన్నెండింటిలోనూ ఆ ఒక్కదాన్ని పాత పంచెలో చుట్టి విడిగా దాచాడు.

దాచాడే గానీ, ఇంట్లో అది ఒక్కసారి కూడా మోగలేదు. ముందు మా ఇంటికి కరెంటు లేదు. కరెంటు వచ్చేసరికి ముల్లు దొరకలేదు. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల గోదావరి వచ్చినప్పుడు మా పేట మొత్తం ఏటిగట్టు మీదికి చేరింది. తాత ఒక చంకలో మా నాన్ననీ, తల మీద రికార్డుల పెట్టెనీ పెట్టుకుని పీకల్లోతు నీళ్లలో నడిచాడట. పెట్టెలోకి నీళ్లు వెళ్లి అట్ట కవర్లన్నీ పిండి అయిపోయాయి. రికార్డులకి మాత్రం ఏమీ కాలేదు. బురద కడిగి ఎండబెట్టాడు. 1996 నవంబరు తుపానుకి గోడ పడి ఎనిమిది పగిలిపోయాయి. మిగిలినవి నాలుగు. పంచెలో చుట్టింది వాటిలో ఉంది.

నాన్న రెండు మూడుసార్లు ప్లేయరుని పాత ఇనుము వాడికి వేసేద్దామన్నాడు. తాత ఒప్పుకోలేదు. పోయిన సంక్రాంతికి నేను ఇంటికెళ్తే అటక మీంచి దింపించి, "ఒరే అబ్బాయ్, నువ్వు కరెంటు చదువేగా చదివేది, దీన్ని పాడించు" అన్నాడు. ఫిజిక్స్ అంటే కరెంటు చదువు కాదు అని చెప్పబోయి ఊరుకున్నాను. అప్పుడే ఇంకో మాట అన్నాడు. "పాత ముల్లుతో మాత్రం పెట్టకు. అది గీసేత్తది."

ఆ మాట ఎంత నిజమో రాజమండ్రి వచ్చాకే తెలిసింది. జాంపేట వైపు ఒక సందులో రేడియోలు బాగుచేసే పెద్దాయన ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి. వయసులో ఉండగా బొంబాయిలో ఇరానీ హోటళ్ల జ్యూక్ బాక్సులు బాగుచేశారట. జ్యూక్ బాక్సంటే మన తమ్ముళ్లలో చాలామందికి తెలియకపోవచ్చు. మనిషి ఎత్తు పెట్టె, లోపల వరసగా రికార్డులు, ముందు బటన్లు. నాణెం వేసి నంబరు నొక్కితే, లోపల ఒక ఇనప చెయ్యి ఆ రికార్డునే తీసి ముల్లు కింద పెడుతుంది. మొదట్లో 78 రికార్డులే వాడేవారు. 1949లో ఆర్‌సిఎ కంపెనీ చిన్న 45 స్పీడు రికార్డు తెచ్చాక, 1950లో అమెరికాలో సీబర్గ్ కంపెనీ ఆ చిన్నవాటిని పాడించే వంద పాటల పెట్టె చేసింది. మనం చూసే చిన్న రికార్డుల్లో కొన్నింటికి మధ్యలో పెద్ద కన్నం ఉంటుంది.

"హోటల్లో ఒక హిట్టు పాట రోజుకి వందసార్లు వేస్తారు బాబూ. పాటని చంపేది జనం కాదు, ముల్లు" అన్నారాయన. "మేం ఏ పెట్టె విప్పినా ముందు చూసేది కార్ట్రిడ్జి. మిగతావన్నీ తరవాతేనండి." ఇప్పటికీ ప్రపంచంలో పాత జ్యూక్ బాక్సులు బాగుచేసుకునేవాళ్లు చేసే పని అదే. రంగులు వేసి, దీపాలు వెలిగించి, లోపల పాత కార్ట్రిడ్జి తీసేసి తేలికైంది పెడతారు. లేకపోతే పెట్టె బతుకుతుంది, రికార్డులు చస్తాయి.

నా ప్లేయరు తల ఊడదీసి చూస్తే అది క్రిస్టల్ కార్ట్రిడ్జి. ఇక్కడ నా చదువు కాస్త పనికొచ్చింది. 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టిన పీజో ఎలక్ట్రిసిటీ మా సిలబస్‌లో ఉంది. కొన్ని స్ఫటికాలని వంచితే కరెంటు పుడుతుంది. పాత కార్ట్రిడ్జిల్లో రోషెల్ సాల్ట్ అనే లవణం స్ఫటికం పెట్టేవారు. ముల్లు గాడిలో అటూ ఇటూ ఊగుతుంటే స్ఫటికం వంగి ఒక వోల్టు దాకా ఇస్తుంది. చవకగా పెద్ద శబ్దం వస్తుంది. కానీ రోషెల్ సాల్ట్‌కి తేమ పడదు. కోనసీమ తేమలో ముప్పై ఏళ్లు అటక మీదున్న ఆ లవణం ఎప్పుడో చెమ్మగిల్లి చచ్చిపోయింది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా రాసిన సంగతి కళ్ల ముందు తెల్లటి జిగురుగా కనిపించింది.

అది బతికున్నా వాడకూడదట. స్ఫటికం బిర్రుగా ఉంటుంది. దాన్ని వంచాలంటే గాడి గోడలు గట్టిగా తోయాలి. బరువు తక్కువైతే ముల్లు గాడిలోంచి ఎగిరిపోతుంది. అందుకని పైనుంచి బరువు పెడతారు. ఆ బరువు ఎంతో తెలుసుకోవడానికి పెద్దాయన నన్ను పక్క వీధిలో కంసాలి దగ్గరికి తీసుకెళ్లారు. బంగారం తూచే ఎలక్ట్రానిక్ త్రాసు మీద ముల్లు ఆనిస్తే 11 గ్రాములు చూపించింది. స్ప్రింగు తుప్పు పట్టి ఇంకా పెరిగిందన్నారు. కాసు బంగారం 8 గ్రాములు. కాసుకి పైన బరువు, వెంట్రుకంత సన్నని మొన మీద ఆనుతోందన్న మాట. 78 రికార్డు ముల్లు మొన సుమారు 75 మైక్రాన్లు. లాంగ్ ప్లే రికార్డుకైతే అందులో మూడో వంతు. ఒకదాని ముల్లు ఇంకోదానికి పెడితే గాడి పాడవుతుంది. ఇది తెలియక ఎంతమంది ఎన్ని రికార్డులు గీసేశారో.

మా తాత మొదట్లో చూసిన చేతి గ్రామఫోన్లయితే ఇంకా ఘోరం. వాటి బరువు 100 గ్రాములకి పైనే. ఇంకో విచిత్రం చెప్పారు పెద్దాయన. 78 రికార్డు లక్కతో చేస్తారు కదా, అందులో రాతి పొడి కలిపేవారట. ఎందుకంటే ఇనప ముల్లుని మొదటి కొన్ని చుట్లలోనే అరగదీసి గాడి ఆకారానికి తేవడానికి. అందుకే ఒక్కో వైపుకి ఒక్కో కొత్త ముల్లు వాడాలి. అరిగిన ముల్లు ఉలి లాంటిది. ఈ మాట తాతకి ఫోన్లో చెబితే చాలాసేపు నవ్వాడు. వాళ్ల ఆపరేటరు ఒక్క ముల్లుని రాయి మీద నూరి పెళ్లి మొత్తం నడిపించేవాడట.

కొత్త కార్ట్రిడ్జి మాగ్నెట్ రకం తెప్పించాను, ఆడియో టెక్నికా 3600. పదో తరగతి పిల్లలకి ట్యూషన్ చెప్పిన డబ్బులు దానికీ, విడిగా 78 ముల్లుకీ సరిపోయాయి. అంతకన్నా మంచివి ఉన్నాయి గానీ, పాత ప్లేయరు చెయ్యి బరువుగా బిరుసుగా ఉంటుంది, సుకుమారమైన కార్ట్రిడ్జి దానికి పొసగదు. ఇందులో ముల్లు కాడకి చిన్న అయస్కాంతం ఉంటుంది. అది తీగచుట్ల దగ్గర ఊగుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే. స్ఫటికాన్ని వంచక్కర్లేదు కాబట్టి ముల్లు తేలిగ్గా కదులుతుంది, గాడి గోడ మీద ఒత్తిడి తగ్గుతుంది. చిక్కేమిటంటే వచ్చేది రెండున్నర మిల్లీవోల్టులే. పాత ఆంప్లిఫయరుకి అది వినపడదు కూడా. అందుకని 5532 ఐసీతో ప్రీ ఆంప్లిఫయరు నేనే కట్టాను. మొదటి రోజు పాటకి బదులు తుమ్మెదల గుంపు మోగింది. మన గదిలో వాళ్లు ఆ రాత్రి నిద్రపోలేదు, వాళ్లకి ఇక్కడ క్షమాపణ చెబుతున్నాను. ఎర్త్ తీగె ఒక్కచోటే కలపాలని మూడో రోజుకి తెలిసింది. బిర్రెక్కిపోయిన రబ్బరు చక్రం మార్చడం, స్ప్రింగు మార్చడం పెద్దాయన చూసుకున్నారు. డబ్బులు తీసుకోలేదు. "మొదటిసారి పాడినప్పుడు ఫోన్లో వినిపించండి చాలు" అన్నారు. నా వయసువాణ్ణి "అండి" అని పిలిచే మనిషి.

మళ్లీ కంసాలి త్రాసు దగ్గరికి వెళ్లాం. స్ప్రింగు తిప్పుతూ తిప్పుతూ 4 గ్రాముల దగ్గర ఆపాం. సరిగ్గా అర కాసు.

ఇక్కడిదాకా గొప్పగానే చెప్పుకున్నాను. అసలు సంగతి చెప్పడానికి సిగ్గుగా ఉంది.

ప్లేయరు సిద్ధమైంది. మిగతా మూడు రికార్డుల్లో ఒక దానితో పరీక్ష చేశాను, పాడింది. ఇక హరిశ్చంద్ర రికార్డు పెట్టే ముందు శుభ్రం చేద్దామనుకున్నాను. గాడిలో దుమ్ముంటే ముల్లు దాన్ని గోడకేసి రుద్దుతుంది, ఎంత తేలిక ముల్లు పెట్టినా లాభం ఉండదు. ల్యాబులో లెన్సులు తుడిచే అలవాటు కొద్దీ దూదిని స్పిరిట్‌లో ముంచి అంచు నుంచి లోపలికి తుడిచాను. దూది నల్లబడింది. ఎంత మురికి ఉందో అని సంతోషించి ఇంకో చుట్టు తుడిచాను. వేలికి జిగురు అంటుకుంది. దీపం కింద పెట్టి చూస్తే అంచు దగ్గర అంగుళంలో మూడో వంతు మేర మెరుపు పోయి బూడిద రంగు తిరిగింది. గాడులు కరిగిపోయాయి.

వరద నీళ్లలో మునిగి బతికిన రికార్డు అది. తుపానులో గోడ మీద పడ్డా బతికిన రికార్డు.

వారం రోజులు ఎవరికీ చెప్పలేదు. మెస్సులో అన్నం సహించలేదు. ఎనిమిదో రోజు నాన్నకి ఫోన్ చేశాను, తాతకి చేసే ధైర్యం లేక. నాన్న మొత్తం విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "లక్క స్పిరిట్‌లో కరక్కపోతే నేను తలుపుకి పాలిష్ ఎలా వేత్తానురా? రోజూ నేను చేసే పని అదే గదా. ఒక్క ఫోన్ చేసి అడిగితే పోయేది" అన్నాడు.

తిట్టినా బాగుండేది. ముప్పై ఏళ్లుగా మా నాన్న లక్క పెచ్చుల్ని స్పిరిట్‌లో నానబెట్టి, గుడ్డ ముంచి తలుపులు రుద్దుతున్నాడు. చిన్నప్పుడు సెలవుల్లో ఆ సీసా ఊపింది నేనే. ఆ వాసన ఆయన చొక్కాలో ఇప్పటికీ ఉంటుంది. రికార్డు లక్కతో చేస్తారని ఆ పెద్దాయన చెప్పినప్పుడు నోట్సు కూడా రాసుకున్నాను. ఈ రెండూ ఒకటేనని నాకు తోచలేదు. పుస్తకంలో ఉన్న షెల్లాక్ వేరు, నాన్న డబ్బాలో లక్క వేరు అనుకుంటూ ఇన్నేళ్లు చదివాను. మా ఇంట్లో పనికొచ్చే సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటూ కూడా.

ఇళ్లలో పాత రికార్డులున్న తమ్ముళ్లు ఉంటే గుర్తుంచుకోండి. 78 అని రాసున్న బరువైన రికార్డుకి స్పిరిట్ చుక్క కూడా తగలనివ్వొద్దు. మెత్తటి గుడ్డతో పొడిగా తుడవాలి, మరీ మురికైతే మంచినీళ్లు, ఒక చుక్క సబ్బు నీళ్లు, మధ్యలో కాగితం తడవకుండా. తర్వాత నీడలో ఆరబెట్టాలి.

దసరాకి ప్లేయరు ఊరికి తీసుకెళ్లాను. తాతకి నాన్న ముందే చెప్పేశాడట. నేనేమీ అనకముందే రికార్డు చేతిలోకి తీసుకుని, కరిగిన చోట బొటనవేలితో తడిమి చూశాడు. "బయట వైపేగా" అన్నాడు. అంతే.

పేటలో వాళ్లు పదిమంది దాకా వచ్చారు. నేను ముల్లు పెట్టబోతుంటే తాత, "ఒరే, నేను పెట్టొచ్చా?" అని అడిగాడు. నన్ను అడిగాడు. సొంత రికార్డు, సొంత ప్లేయరు, సొంత అరుగు. నేను పక్కకి జరిగాను. ఆయన చెయ్యి వణుకుతోంది. ముల్లు జారితే ఉన్నదీ పోతుందని నాన్న నా వైపు చూశాడు. తాత ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, కొబ్బరి చెట్టు మీద గొట్టం ముడి వేసేటప్పుడు ఎలా ఉండేదో గానీ, ఊపిరి బిగబట్టి ఆనించాడు.

ముందు బరబర శబ్దం. చాలాసేపు అదే. నాకు కళ్లు పైకెత్తాలంటే భయమేసింది. తర్వాత ఆ బరబర లోంచి గొంతు పైకొచ్చింది, పద్యం మధ్య నుంచి. రాగం తీస్తుంటే అరుగు కింద కూర్చున్న ముసలాయన ఒకాయన తల ఊపడం మొదలెట్టాడు.

ఆ వైపు అయ్యాక, "మొదలు పోయింది తాతా" అన్నాను.

"మొదలు నేనెప్పుడు విన్నాన్రా" అన్నాడు. "ఆపరేటరు ముల్లు పెట్టేటప్పటికి నేను తీగె లాగుతానో, బ్యాటరీ మోత్తానో ఉండేవోణ్ణి. నేనొచ్చి నిలబడేసరికి ఎప్పుడూ ఇక్కడికే వచ్చేది."

నా కోసం అన్నాడో, నిజంగానే అన్నాడో నాకు తెలియదు. ఫోన్లో రికార్డు చేసుకుని జాంపేట పెద్దాయనకి పంపాను. తాతకి కూడా ఆయన ఫోన్లో ఎక్కించి, రోజూ దాన్నే వినమని, అసలుదాన్ని పండక్కి పండక్కి వేద్దామని చెప్పాను. ఎంత తేలిక ముల్లయినా అరగడం అరుగుతుంది కదా. తాత సరేనన్నాడు గానీ, ఆ సాయంత్రం మాత్రం వినలేదు.

"రెండో వైపు బానే ఉందిగా" అని రికార్డు తిప్పి, మళ్లీ మణికట్టు పట్టుకున్నాడు.